నూనె, వేడి, మా ఊరి ట్రాన్స్‌ఫార్మరు

మొన్న ఏప్రిల్లో ఒక ఆదివారం పొద్దున్నే ఊరి నుంచి చిన్నాయన ఫోన్ చేశాడు. "ఒరే అబ్బోడా, ట్రాన్స్‌ఫార్మరు మళ్ళీ కాలిపోయిందిరా. టమాటాకి తడి కట్టి మూడు రోజులైంది. మామిడికాయ ఊరే టైము. నువ్వు కరెంటు ఇంజనీరు చదివినావు కదా, ఎందుకిట్ట మాటిమాటికీ పోతాదో చెప్పరాదా?" అన్నాడు.

నిజమే, నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగే. చేసేది మాత్రం బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ట్రాన్స్‌ఫార్మర్ని చివరిసారి దగ్గర్నుంచి చూసింది లాబ్‌లో, అదీ పరీక్షకి ముందు. చిన్నాయనకి "కనుక్కుని చెప్తాలే" అని ఫోన్ పెట్టేశాను. ఆ రాత్రి పాత హార్డ్‌డిస్క్‌లో ఏదో వెతుకుతుంటే మా బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టు ఫోల్డరు కనిపించింది. దాని పేరేంటో తెలుసా? "ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో నానోఫ్లూయిడ్ శీతలీకరణ – న్యూమరికల్ సిమ్యులేషన్". నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. ట్రాన్స్‌ఫార్మర్లు ఎందుకు వేడెక్కుతాయో, ఎలా చల్లబరచాలో ఆర్నెల్లు కూర్చుని లెక్కలు కట్టి డిస్టింక్షన్ తెచ్చుకున్నవాణ్ణి, సొంత చిన్నాయన అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయాను!

ఎందుకు చెప్పలేకపోయానా అని తవ్వుకుంటూ పోతే అది నూటముప్ఫై ఏళ్ళ చరిత్రలోకి వెళ్ళింది. ఆ సంగతులే ఈ టపా. కొంచెం పొడుగు, ఓపిక చేసుకోండి.

ముందు అసలు విషయం. విద్యుదయస్కాంత ప్రేరణని ఫారడే 1831లో కనిపెట్టాడు. పనికొచ్చే ట్రాన్స్‌ఫార్మర్ రావడానికి మాత్రం ఇంకో యాభై ఏళ్ళు పైనే పట్టింది. 1885లో బుడాపెస్ట్‌లోని గాంజ్ కంపెనీలో జిపర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ అనే ముగ్గురు ఇంజనీర్లు దాన్ని ఒక రూపానికి తెచ్చారు. మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్లని గాలే చల్లబరిచేది. వోల్టేజి పెరిగేకొద్దీ గాలి సరిపోలేదు. 1891లో జర్మనీలో లౌఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి 175 కిలోమీటర్ల దూరం కరెంటు పంపి చూపించినప్పుడు నూనెలో ముంచిన ట్రాన్స్‌ఫార్మర్లు వాడారు. అప్పట్నుంచి ఇప్పటిదాకా పెద్దగా మారలేదు. మన పొలం గట్టు మీద రెండు స్తంభాల మధ్య కూర్చున్న డబ్బా కూడా ఆ వంశంలోదే.

నూనె అక్కడ రెండు పనులు చేస్తుంది. ఒకటి, చుట్టకీ చుట్టకీ మధ్య, చుట్టకీ డబ్బాకీ మధ్య కరెంటు దూకకుండా ఆపడం. రెండు, వేడిని మోసుకుపోవడం. ఎసరు కాగేటప్పుడు అడుగున వేడెక్కిన నీళ్ళు పైకొచ్చి, పైనున్నవి కిందికి పోతాయి కదా, అట్లాగే చుట్టల దగ్గర కాగిన నూనె పైకి లేచి, పక్కనున్న రేడియేటర్ గొట్టాల్లోంచి చల్లారుతూ కిందికి దిగుతుంది. పంపు లేదు, ఫ్యాను లేదు. ఎవరూ తిప్పకుండానే తిరుగుతూ ఉంటుంది. ఎంత అందమైన ఏర్పాటో!

ఇంతకీ ఈ వేడి ఎంత? మన పల్లెల్లో వాడిన పాతరకం 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇండియన్ స్టాండర్డ్ పెట్టిన హద్దులు ఇవి: లోడు లేకపోయినా కోర్‌లో పోయేది 260 వాట్లు, పూర్తి లోడు మీద చుట్టల్లో పోయేది 1760 వాట్లు. మొత్తం 2020 వాట్లు. అంటే ఆ డబ్బాలో రెండు ఇస్త్రీపెట్టెలు ఆపకుండా కాగుతున్నట్టు. ఈ 1760 సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

మన వైపు చరిత్రకొద్దాం. ట్రాన్స్‌ఫార్మర్ మన గడపకి చాలా ముందే వచ్చింది, గడప మాత్రం దాటలేదు. 1902 జూన్ 30న కావేరి మీద శివసముద్రం నుంచి కోలార్ బంగారు గనులకి 92 మైళ్ళ లైను మీద కరెంటు పంపారు. అంత దూరం లైను అప్పట్లో ప్రపంచంలోనే అరుదు. దివాన్ శేషాద్రి అయ్యర్ హయాంలో మొదలై, జోలీ డి లోత్బినియర్ అనే ఇంజనీరు చేతిమీదుగా జరిగిన పని అది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ యంత్రాలు అమెరికా నుంచి వచ్చాయి. బెంగుళూరు వీధుల్లో దీపాలు వెలిగింది 1905లో, అంటే బంగారానికి వచ్చిన మూడేళ్ళకి మనుషులకి వచ్చింది. కోలార్ గనులకి మా కుప్పం, వి.కోట ఎంత దూరమని! ఆ గనుల్లో దిగి పనిచేసినవాళ్ళలో తెలుగు కూలీలూ ఉన్నారు. గని లోపల కరెంటు యంత్రాల మధ్య పనిచేసి, సొంతూరికొస్తే ఆముదం దీపం. అక్కడ లిఫ్టుని కరెంటు లాగుతుంటే, ఇక్కడ బావిలోంచి నీళ్ళని ఎద్దులు లాగేవి. తోలుబానతో కపిల తోలడం మా తాత దాకా చూసిందే.

స్వాతంత్ర్యం వచ్చాక కథ మారింది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పెట్టారు. 1959లో దాని ఇంజనీరింగ్ కాలేజీ మొదలైంది. సరిగ్గా అదే 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి పుట్టింది. అంటే తిరుపతిలో ఇంజనీర్లని తయారుచేసే బడీ, పల్లెకి తీగ లాగే మండలీ ఒకే ఏడాది పిల్లలు. ఈ సంగతి నాకిప్పటిదాకా తెలియదు. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వచ్చాక అప్పులు దొరికి పల్లెలకి లైన్లు ఊపందుకున్నాయి. మా కుప్పంలో అయితే కరెంటు పంపిణీకి ఏకంగా సహకార సంఘమే ఏర్పడింది.

కరెంటు వచ్చింది, కపిల పోయింది. అక్కణ్ణుంచి ప్రతి అడుగూ లోడు పెంచే అడుగే. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం వ్యవసాయ మోటారుకి హార్స్‌పవరుకి ఏడాదికి 50 రూపాయల చొప్పున స్లాబు రేటు పెట్టింది. మీటరు లేదు. ఎంత వాడినా అంతే. రైతుకి అది ప్రాణదానం లాంటిదే, కాదన్ను. మా చిత్తూరు జిల్లాకి పెద్ద నది లేదు, కాలువ లేదు. స్వర్ణముఖి, అరణి లాంటివి వానొస్తే పారతాయి, లేకపోతే ఇసుక. చెరువులూ, బావులే ఆధారం. చెరువులు పూడిపోయాయి, బావులు ఎండిపోయాయి, బోర్లు పడ్డాయి. బోరు లోతు పోయేకొద్దీ మోటారు పెద్దది కావాలి కదా. అయిదు హార్స్‌పవరు చాలనుకున్న చోట ఏడున్నర, ఆ తర్వాత పది. కాగితం మీద మాత్రం ఇప్పటికీ అయిదే! (మా చిన్నాయన మోటారు కూడా అంతే. ఈ మాట రాస్తే ఆయన కోప్పడతాడు, అయినా రాస్తున్నా.)

1999లో విద్యుత్ మండలిని విడగొట్టారు. 2000లో పంపిణీ కంపెనీలు వచ్చాయి, దక్షిణ ప్రాంత కంపెనీకి తిరుపతే కేంద్రం. 2004 మేలో వైఎస్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి ఉచిత విద్యుత్తు ఫైలు మీద తొలి సంతకం పెట్టారు. తర్వాత దానికి కొన్ని షరతులు కూడా చేర్చారు. మోటారుకి కెపాసిటర్ ఉండాలి, ఐఎస్ఐ మార్కు పంపుసెట్టు ఉండాలి, ఘర్షణ తక్కువుండే ఫుట్‌వాల్వు, మంచి పైపులు ఉండాలి అని. ఆ షరతులు ఎంతమంది పాటించారో మీ ఊరికెళ్ళి చూస్తే మీకే తెలుస్తుంది.

ఇక్కడే ఒక చిత్రముంది. ఊళ్ళో ఇళ్ళకిచ్చే కరెంటైతే అందరూ ఒకేసారి వాడరు. ఒకడు మిక్సీ వేస్తే ఇంకొకడు టీవీ చూస్తాడు. ఆ నమ్మకంతోనే ట్రాన్స్‌ఫార్మర్ సైజు లెక్క కడతారు. పొలం కరెంటు అట్లా కాదు. రోజుకి ఏడు గంటలు, అదీ రెండు విడతలుగా అన్నప్పుడు, త్రీఫేజు రాగానే మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి. ప్రతి స్టార్టరుకీ ఆటో బిగించి ఉంటుంది. అర్ధరాత్రి కరెంటొస్తే రైతు లేచి పోనక్కర్లేదు, మోటారు తనంతట తనే తిరుగుతుంది. బయల్దేరేటప్పుడు మోటారు మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. పదిహేను ఇరవై మోటార్లు ఒకే క్షణంలో లాగితే ఆ డబ్బా గతేంటి? ఇది చాలదని త్రీఫేజు లేని గంటల్లో కండెన్సర్లు పెట్టి రెండు ఫేజుల మీదే మోటారు తిప్పడం ఒకటి.

రైతుని తిడుతున్నానని అనుకోకండి. పక్కవాడి బోరు తనకంటే ముందు నీళ్ళు లాగేస్తుందేమో అన్న భయంలో ఎవరైనా అదే చేస్తారు. 2019 తర్వాత పగటిపూటే తొమ్మిది గంటలు ఇస్తామన్నారు. అర్ధరాత్రి పాముల మధ్య తడి కట్టే బాధ తగ్గింది, చాలా మంచిపని. కానీ ట్రాన్స్‌ఫార్మర్ వైపు నుంచి చూస్తే? రాత్రి చల్లగాలిలో, మధ్యలో కాస్త ఆగి చేసే పనిని ఇప్పుడు నడినెత్తిన ఎండలో ఏకధాటిగా చెయ్యాలి. మనిషికి మేలైంది యంత్రానికి కష్టమైంది.

ఇప్పుడు నానోఫ్లూయిడ్ కథ. ద్రవంలో గట్టి రేణువులు కలిపితే వేడి బాగా ప్రవహిస్తుందన్న ఆలోచన కొత్తది కాదు. రేణువులు కలిసిన పదార్థంలో విద్యుత్తు ఎలా ప్రవహిస్తుందో మాక్స్‌వెల్ 1873లోనే సూత్రం రాశాడు, వేడికీ అదే పనికొస్తుంది. చిక్కేంటంటే పెద్ద రేణువులు అడుక్కి దిగిపోతాయి, గొట్టాలు పూడ్చేస్తాయి. 1995లో అమెరికా ఆర్గాన్ లాబ్‌లో స్టీఫెన్ చోయ్ నానోమీటర్ల సైజు రేణువులైతే తేలుతూ ఉంటాయని చెప్పి, ఈ ద్రవాలకి నానోఫ్లూయిడ్ అని పేరు పెట్టాడు. 2001లో ఆ లాబ్ వాళ్ళే ఇథిలీన్ గ్లైకాల్‌లో 0.3 శాతం రాగి రేణువులు కలిపితే ఉష్ణవాహకత 40 శాతం దాకా పెరిగిందని ప్రకటించారు. మాక్స్‌వెల్ లెక్క ప్రకారం ఒక శాతం కూడా పెరగకూడదు! ఇంకేముంది, ప్రపంచమంతా ఎగబడింది. మన పక్కనే మద్రాస్ ఐఐటీలో సరిత్ కుమార్ దాస్ బృందం 2003లో, వేడి పెరిగేకొద్దీ ఈ ద్రవాల వాహకత ఇంకా పెరుగుతోందని కొలిచి చూపించింది.

మన తిరుపతి గణిత శాఖకీ ఇందులో వాటా ఉంది. ఎస్వీ యూనివర్సిటీలో ద్రవగతిశాస్త్రం పాత సంప్రదాయం. అయస్కాంత క్షేత్రంలో ద్రవాల ప్రవాహం, ఉష్ణ ప్రసారం మీద అక్కడ ఎన్నో పీహెచ్‌డీలు వచ్చాయి. నానోఫ్లూయిడ్లు వచ్చాక ఆ చేతులు సహజంగానే ఇటు తిరిగాయి. పెద్ద లాబ్ అక్కర్లేదు, కోట్ల పరికరాలు అక్కర్లేదు. సమీకరణాలూ, రంగే-కుట్టా పద్ధతీ, ఒక కంప్యూటరూ ఉంటే చాలు. డబ్బుల్లేని యూనివర్సిటీలో బుర్ర ఉన్నవాళ్ళు చెయ్యగలిగిన సైన్స్ అది, దాన్ని నేను చిన్నచూపు చూడను. కాకపోతే అటువంటి పేపర్లలో ఎక్కువభాగం సాగే రేకు మీద ప్రవాహం గురించే ఉంటాయి. 1970లో క్రేన్ అనే ఆయన పరిష్కరించిన లెక్క అది, ప్లాస్టిక్ రేకులు లాగే ఫ్యాక్టరీకి సంబంధించింది. అందులో రేణువులు మారతాయి, అయస్కాంత క్షేత్రం చేరుతుంది, రేకు మాత్రం సాగుతూనే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్లో సాగే రేకు ఎక్కడా లేదు మరి!

2009లో ఒక మంచి పని జరిగింది. ముప్ఫైకి పైగా సంస్థలు అవే నమూనాలు పంచుకుని, ఎవరి లాబ్‌లో వాళ్ళు కొలిచి, లెక్కలు పోల్చుకున్నాయి. ఎంఐటీకి చెందిన బొంజోర్నో ముందుండి నడిపిన ఆ పనిలో తేలిందేంటంటే, వింతేమీ లేదు, పాత మాక్స్‌వెల్ సూత్రం దాదాపు సరిగ్గానే చెబుతోంది అని. నూటముప్ఫై ఆరేళ్ళ కిందటి ముసలాయన గెలిచాడు.

ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో నానో రేణువులు కలపడం మీద కూడా నిజమైన ప్రయోగాలున్నాయి. 1998లో సీగల్ బృందం మాగ్నెటైట్ రేణువులు కలిపిన నూనె, మెరుపు లాంటి హఠాత్తు వోల్టేజిని మామూలు నూనె కంటే బాగా తట్టుకుంటోందని చూపించింది. చూశారా, చల్లబరచడం కోసం మొదలుపెడితే ఇన్సులేషన్ వైపు లాభం కనిపించింది. సైన్స్‌లో ఇట్లాంటివి మామూలే.

జాగ్రత్త నేర్పే పాత కథ కూడా ఒకటుంది. 1930ల్లో నూనెకి బదులు పీసీబీలు అనే ద్రవాలు వచ్చాయి. నిప్పంటుకోవు, చెడిపోవు, అద్భుతం అన్నారు. చెడిపోకపోవడమే శాపమైంది. మట్టిలో, చేపల్లో, మనిషి కొవ్వులో పేరుకుపోయాయి. 1979లో అమెరికా వాటి తయారీ నిషేధించింది. యాభై ఏళ్ళు పట్టింది తెలియడానికి! పాతికేళ్ళు కదలకుండా పొలం గట్టున కూర్చునే డబ్బాలో ఏది పోసినా, పాతికేళ్ళ తర్వాత అదేమవుతుందో ముందే అడగాలి. నానో రేణువులు అన్నేళ్ళు తేలుతూ ఉంటాయా, అడుక్కి దిగుతాయా?

సరే, మా ప్రాజెక్టు దగ్గరికొద్దాం. ఆ రాత్రి కోడ్ తెరిచి చూశాను. ఒక చదరపు డబ్బా. ఎడమ గోడ వేడి, కుడి గోడ చల్లన. మధ్యలో నూనె, దాన్లో 4 శాతం అల్యూమినా రేణువులు. మాక్స్‌వెల్ ప్రకారం వాహకత దాదాపు 12 శాతం పెరుగుతుంది. అదే సమయంలో నూనె చిక్కబడుతుంది, పాత సూత్రాల ప్రకారమే 10 శాతం పైన. (నిజంగా కొలిస్తే ఇంకా ఎక్కువే ఉంటుంది.) చిక్కటి నూనె నెమ్మదిగా తిరుగుతుంది. రెండూ కలిపి చూస్తే గోడ నుంచి నూనె వేడి తీసుకునే శక్తి ఆరు శాతం దాకా మెరుగు. రంగురంగుల బొమ్మలు, బైండింగు, వైవా, చప్పట్లు.

కోడ్‌లో ఒక లైను దగ్గర ఆగిపోయాను. కుడి గోడ ఉష్ణోగ్రత 30 డిగ్రీలు అని మేమే రాసేశాం. అంతే, ఒకే ఒక్క లైను. సిమ్యులేషన్లో వీటిని సరిహద్దు షరతులు అంటారు. లోపల సమీకరణాలు ఎంత గొప్పవైనా, అంచుల దగ్గర మనమేం చెప్తే దాన్నే నమ్మి లెక్క కడతాయి. 30 డిగ్రీలు అని రాసిన ఆ లైనుతో మా జిల్లా ఎండాకాలం మొత్తం ఎగిరిపోయింది. ఏప్రిల్లో తిరుపతి పక్క గాలే 42 డిగ్రీలు ఉంటుంది, ఇక ట్రాన్స్‌ఫార్మర్ గోడ 30 ఎట్లా అవుతుంది?

వేడి చుట్ట నుంచి నూనెలోకి, నూనె నుంచి గోడకి, గోడ నుంచి గాలిలోకి పోవాలి. ఈ దారిలో పెద్ద అడ్డం చివరిదే. నూనె వేడిని మొయ్యడంలో గాలి కంటే ఎంతో మెరుగు. నూనె దగ్గరున్న అడ్డం మొత్తంలో పదోవంతు అనుకుందాం, దాన్ని ఆరు శాతం తగ్గిస్తే మొత్తం మీద ఎంత తగ్గినట్టు? అర శాతం పైచిలుకు. 45 డిగ్రీల పెరుగుదలలో పావు డిగ్రీ. చుట్ట దగ్గర లాభం కూడా కలుపుకుంటే డిగ్రీ అటూ ఇటూ. బస్టాండు గేటు దగ్గర బస్సులు ఇరుక్కుంటే లోపల రోడ్డు వెడల్పు చేసినట్టుంది మా ప్రాజెక్టు.

న్యాయంగా చెప్పాలంటే ఒక్క డిగ్రీ కూడా తక్కువేం కాదు. మాంట్‌సింగర్ అనే ఇంజనీరు 1930లో ఒక నియమం చెప్పాడు. కొన్ని డిగ్రీలు పెరిగితే చాలు చుట్టల మీది కాగితం ఆయుష్షు సగమైపోతుందని. ఇప్పటి అంతర్జాతీయ ప్రమాణం ఆరు డిగ్రీలకి సగం అంటుంది. ఆ లెక్కన ఒక డిగ్రీ తగ్గితే ఆయుష్షు 12 శాతం పెరుగుతుంది. రేణిగుంట సబ్‌స్టేషన్లో ఉండే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ లాంటి వాటికి, ముసలితనంతో పోయేవాటికి, అది డబ్బు కిందే లెక్క. కానీ మా చిన్నాయన ట్రాన్స్‌ఫార్మరు ముసలితనంతో పోలేదు కదా.

అందుకే ఈసారి లెక్కని రెండో కొస నుంచి మొదలుపెట్టాను. చిన్నాయనకి ఫోన్ చేసి, "ఆ ట్రాన్స్‌ఫార్మరు కింద ఎన్ని మోటార్లున్నాయి, నిజంగా ఎంతెంతవో చెప్పు, కాగితం మీదివి వద్దు" అన్నాను. కొంచెంసేపు మాట్లాడలేదు. సాయంత్రానికి లైన్‌మేన్‌ని వెంటేసుకుని తిరిగి రాయించాడు. మొత్తం పదిహేడు. మూడు అయిదువి, ఆరు ఏడున్నరవి, ఎనిమిది పదివి. 140 హార్స్‌పవరు. కాగితం మీద మాత్రం 85. హార్స్‌పవరుకి ఒక కేవీఏ పైచిలుకు వేసుకుంటే 150 కేవీఏ లోడు, 100 కేవీఏ డబ్బా మీద.

ఇప్పుడా 1760 గుర్తు తెచ్చుకోండి. చుట్టల్లో వేడి లోడుకి వర్గంగా పెరుగుతుంది. లోడు ఒకటిన్నర రెట్లైతే వేడి రెండుంపావు రెట్లు, అంటే 3960 వాట్లు. కోర్‌ది కలిపితే 4220. రెండు ఇస్త్రీపెట్టెలు నాలుగైపోయాయి. పూర్తి లోడు మీద నూనె 45 డిగ్రీలు పెరిగేలా కట్టారనుకుంటే, ఈ లోడు మీద 80 దాకా పోతుంది. ఇంతపాటి ట్రాన్స్‌ఫార్మర్ నూనె వేడెక్కడానికి మూడు గంటల లెక్క, కాబట్టి తొమ్మిది గంటల్లో దాదాపు మొత్తం ఎక్కేస్తుంది. 42 డిగ్రీల గాలి మీద అది కలిపితే నూనె 120 దరిదాపు. లోపల చుట్టలో అతి వేడిగా ఉండేచోటు కనీసం 140. ప్రమాణం పెట్టుకున్న మామూలు స్థాయి 98. తేడా 42, అంటే ఏడు ఆర్లు. ఆయుష్షు ఏడుసార్లు సగమవుతుంది. అట్లా నడిచిన ఒక్క గంట, మామూలుగా నడిచిన 128 గంటలతో సమానం. గంటకి అయిదు రోజుల వయసు! ఇక అందులో నానో రేణువులు పోసినా, గంధం పోసినా ఏం లాభం?

లైన్‌మేన్ ఫోన్ తీసుకుని, "నువ్వు లెక్క కట్టి చెప్తాండావు తమ్ముడూ, మేం డబ్బా మీద చెయ్యి పెట్టి చెప్తాం. ఆయిలు తగ్గిందా, సిలికా జెల్ నీలం పోయి గులాబీ అయ్యిందా చూస్తాం. అవన్నీ బాగున్నా లోడు ముందర ఏదీ నిలబడదు" అన్నాడు. ఆర్నెల్ల ప్రాజెక్టు సారాంశం అర నిమిషంలో చెప్పేశాడాయన.

దీనికి మందు లేకపోలేదు. 2000ల మధ్య నుంచి మన రాష్ట్రంలో హెచ్‌వీడీఎస్ అనే పద్ధతి తెచ్చారు. ఇరవై మోటార్లకి ఒక పెద్ద డబ్బా బదులు, 11 కిలోవోల్టుల లైనునే బోర్ల దాకా తీసుకొచ్చి, రెండు మూడు మోటార్లకి ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం. దాని అసలు బలం నాకు సాంకేతికతలో కంటే మనుషుల లెక్కలో కనిపిస్తుంది. ఇరవైమందిదైతే ఎవరిదీ కాదు. ముగ్గురిదైతే, నాలుగోవాడు తీగ తగిలిస్తే ఆ ముగ్గురే ఊరుకోరు. ట్రాన్స్‌ఫార్మర్ చల్లబరిచే పద్ధతుల్లో దీన్ని ఏ పాఠ్యపుస్తకమూ చేర్చలేదు, కానీ నన్నడిగితే ఇదే పెద్దది.

మా ఊరికి అది ఇంకా రాలేదు. అందాకా ఏం చెయ్యాలి? లెక్కని ఇంకోసారి తిప్పాను, ఈసారి మోటార్లని రెండు వంతులుగా విడగొట్టి. ఒక్కో వంతు 70 హార్స్‌పవరు, నాలుగున్నర గంటలు. లోడు ముప్పాతికకి దిగింది, నూనె 73 డిగ్రీలు దాటలేదు. 120 నుంచి 73కి! ఒక్క రేణువు కలపకుండా, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా. వోల్టేజి నిలబడుతుంది కాబట్టి మోటార్లు కూడా కాలవు. ఎట్లాగూ ఎండాకాలంలో సగం బోర్లు మూడు నాలుగు గంటలకే గాలి కక్కుతాయి.

గ్రాఫు గీసి పంపిస్తే చిన్నాయన చూసి ఒక మాటన్నాడు. "ఇందులో కొత్తేముందిరా, మా నాయన కాలంలో చెరువు నీళ్ళు ఇట్టనే కదా వంతులేసి వదిలేది. నీరుగంటోడు ఉండేవాడు. వాడు చెప్పిందే లెక్క." నాకు కాసేపు నోట మాట రాలేదు. నిజమే కదా. చెరువు కింద ఎవరి కయ్యకి ఎప్పుడు నీళ్ళు పారాలో చూసే మనిషిని ఊరే పెట్టుకున్న చోట, బోరొచ్చాక ఎవడి నీళ్ళు వాడివయ్యాయి. నీరుగంటి పోయాడు, ఆటో స్టార్టరొచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం చెరువు లాగే అందరిదీ. ఈ సంగతి మనకి గుర్తులేకపోయినా దానికి గుర్తుంది. అందుకే కాలిపోతోంది.

కొత్త ట్రాన్స్‌ఫార్మరు వచ్చాక ఊళ్ళో కూర్చుని మాట్లాడుకున్నారట. పదకొండుమంది వంతులకి ఒప్పుకున్నారు. నలుగురు చూద్దామన్నారు. ఇద్దరు మా మోటారు మా ఇష్టం అన్నారు. చిన్నాయన తన ఆటో తీసేశాడు, కాగితం మీద కూడా పది హార్స్‌పవరు రాయించుకుంటానన్నాడు. రాయించుకున్నాడో లేదో నేనింకా అడగలేదు.

నానోఫ్లూయిడ్ల మీద పనిచేసేవాళ్ళని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు, ఆ పని సాగాలి. నా గొడవల్లా ఆ ఒక్క లైను గురించే. తిరుపతిలోనో, చుట్టుపక్కల కాలేజీల్లోనో ఈ ఏడాది ఎవరో ఒక కుర్రాడు ఇదే ప్రాజెక్టు మళ్ళీ చేస్తూ ఉంటాడు. మీకు తెలిసినవాడైతే ఒక మాట చెప్పండి. సమీకరణాలు ఎన్నైనా రాసుకో, సరిహద్దు షరతులు రాసేముందు మాత్రం ఒకసారి బస్సెక్కి ఏదైనా పల్లెకి పోయి, మిట్టమధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడి, మోటార్లు లెక్కపెట్టి రమ్మనండి. నేను ఆ పని ఏడేళ్ళు ఆలస్యంగా, అదీ ఫోన్‌లో చేశాను.

మీ ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మరు కింద ఎన్ని మోటార్లున్నాయి? కాగితం మీదివి కాదు, నిజంగా ఉన్నవి.